రేడియేటర్ ఫ్యాన్ల మోత తగ్గాలంటే... కొత్తవి కొనే ముందు తెలుసుకోవాల్సినవి

నీటితో చల్లబడే కంప్యూటర్లు ఇప్పుడు మన ఇళ్లలోకీ వచ్చాయి. వీడియో ఎడిటింగ్ చేసే అబ్బాయి, త్రీడీ డిజైన్ నేర్చుకునే అమ్మాయి, ఆటల కోసం నెలల తరబడి డబ్బు కూడబెట్టుకున్న కాలేజీ కుర్రాడు... వీళ్ల డెస్క్‌టాప్‌లలో ప్రాసెసర్ మీద ఒక చిన్న పంపు, దాని నుంచి రెండు గొట్టాలు, పెట్టె పైభాగంలోనో ముందువైపో ఒక రేడియేటర్, దానికి రెండో మూడో ఫ్యాన్లు కనిపిస్తున్నాయి. కొనేటప్పుడు షాపులో 'వాటర్ కూలింగ్ కదా, చప్పుడే ఉండదు' అంటారు. తీరా వేసవి రాగానే ఆ పెట్టె హోరుమంటుంది. హాలూ పడక గదీ ఒకటే అయిన ఇంట్లో పెద్దవాళ్లకు నిద్ర ఉండదు. ఇంటి నుంచి పని చేసేవాళ్లకైతే ఫోన్ మీటింగుల్లో అవతలివాళ్లు 'ఆ మోత ఏమిటి?' అని అడుగుతారు.

అప్పుడు అందరూ చేసే పని ఒకటే. 'సైలెంట్' అని రాసి ఉన్న ఫ్యాన్లు మూడు కొని పాతవాటి స్థానంలో బిగిస్తారు. కొన్నిసార్లు పని జరుగుతుంది. చాలాసార్లు నాలుగైదు వేలు ఖర్చయ్యాక కూడా మోత అలాగే ఉంటుంది. కారణం ఏమిటంటే, ఫ్యాన్ మోతను అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించేది అది తిరిగే వేగం. తక్కువ వేగంలోనే రేడియేటర్‌కు సరిపడా గాలి అందేలా ఏర్పాటు చేసుకుంటే ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ ఏర్పాటులో ఫ్యాన్ కొనడం ఒక భాగం మాత్రమే.

నీళ్లు ఉన్నా ఫ్యాన్ ఎందుకు?

గొట్టాల్లోని ద్రవం వేడిని మాయం చేయదు. ప్రాసెసర్ దగ్గరి వేడిని రేడియేటర్ దాకా మోసుకొస్తుంది, అంతే. ఆ వేడిని గదిలోకి వదలాల్సింది గాలి. కారు ముందు భాగంలోని రేడియేటర్ చేసే పనీ ఇదే. రేడియేటర్‌లో చదునైన గొట్టాలు ఉంటాయి, వాటి మధ్య మడతలు మడతలుగా పలుచని అల్యూమినియం రేకులు ఉంటాయి. ఫ్యాన్ ఆ రేకుల సందుల్లోంచి గాలిని తోస్తే వేడి బయటికి పోతుంది.

రెండు సంగతులు ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, ద్రవం ఎప్పటికీ గది ఉష్ణోగ్రత కన్నా చల్లబడదు. గది 36 డిగ్రీలు ఉంటే ద్రవం దానికి పైనే ఉంటుంది. రెండు, ద్రవం నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. ఒక బ్రౌజర్ తెరవగానే ప్రాసెసర్ క్షణంలో 20 డిగ్రీలు ఎగబాకవచ్చు. ద్రవం మాత్రం అంత తొందరగా కదలదు. ఈ నెమ్మదితనమే మనకు కలిసివచ్చే గుణం. దాన్ని ఎలా వాడుకోవాలో తర్వాత చూద్దాం.

ముందు దొంగను పట్టుకోండి

డబ్బు తీసే ముందు, మోత ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలి. కంప్యూటర్‌లో చప్పుడు చేసేవి రేడియేటర్ ఫ్యాన్లే కాదు. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు, పవర్ సప్లై ఫ్యాన్, పెట్టె వెనక ఫ్యాన్, పంపు కూడా ఉన్నాయి. ఆట ఆడుతున్నప్పుడు మాత్రమే హోరు పెరుగుతుంటే అది చాలావరకు గ్రాఫిక్స్ కార్డుదే అయి ఉంటుంది. మామూలు ఇళ్లలో ఉండే కంప్యూటర్లలో రేడియేటర్ చల్లబరిచేది ప్రాసెసర్‌ను మాత్రమే. రేడియేటర్‌కు ఎంత మంచి ఫ్యాన్లు వేసినా గ్రాఫిక్స్ కార్డు మోత తగ్గదు.

పరీక్ష సులువే. కంప్యూటర్‌కు పనేమీ చెప్పకుండా బయోస్‌లోకి వెళ్లి రేడియేటర్ ఫ్యాన్లను ఒకటి రెండు నిమిషాలపాటు కనిష్ఠ వేగానికి తెచ్చి వినండి. చప్పుడు పోతే దోషి ఫ్యాన్లే. పోకుండా సన్నగా 'గుయ్' అంటూ ఒకే స్వరంలో వినిపిస్తుంటే పంపును అనుమానించాలి. గొట్టాల్లోంచి గుడగుడమని నీళ్లు పారుతున్నట్టు వినిపిస్తే లోపల గాలి బుడగలు చేరాయని అర్థం. ద్రవం ఉన్న వలయంలో పంపు అన్నిటికన్నా పైన ఉంటే గాలి పోయి పంపులోనే చేరుతుంది. రేడియేటర్ పైఅంచు పంపు కన్నా ఎత్తులో ఉండేలా బిగిస్తే గాలి రేడియేటర్‌లో పైకి చేరి ఊరుకుంటుంది. ఈ సమస్యకు కొత్త ఫ్యాన్ మందు కాదు.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. ఫ్యాన్లలో మూడు పిన్నులవి, నాలుగు పిన్నులవి అని రెండు రకాలు ఉన్నాయి. నాలుగో పిన్ను వేగాన్ని అదుపు చేసే సంకేతం కోసం. దాన్నే పీడబ్ల్యూఎం అంటారు. మూడు పిన్నుల ఫ్యాన్‌కు ఆ సంకేతం అందదు, దానికి వెళ్లే వోల్టేజీని తగ్గిస్తేనే వేగం తగ్గుతుంది. మదర్‌బోర్డు పీడబ్ల్యూఎం పద్ధతిలో ఉండి, దానికి మూడు పిన్నుల ఫ్యాన్ తగిలిస్తే ఆ ఫ్యాన్ రాత్రింబవళ్లు పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది. బయోస్‌లో ఆ కనెక్టరును డీసీ పద్ధతికి మారిస్తే మోత పైసా ఖర్చు లేకుండా తగ్గుతుంది.

వేగం తగ్గిస్తే ఎంత లాభం?

ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్‌ను అయిదు నుంచి మూడుకు తిప్పితే గాలి కొంత తగ్గుతుంది, చప్పుడు మాత్రం అంతకన్నా బాగా తగ్గుతుంది. కంప్యూటర్ ఫ్యాన్‌దీ అదే స్వభావం. ఇంజనీర్లు వాడే ఉజ్జాయింపు సూత్రాలు ఇవి. వేగం సగమైతే గాలి పరిమాణం సగమవుతుంది. గాలిని తోసే ఒత్తిడి నాలుగో వంతు అవుతుంది. మోత సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 డెసిబెల్స్ తగ్గితే మన చెవికి మోత సగమైనట్టు అనిపిస్తుంది కాబట్టి, 15 తగ్గడమంటే దాదాపు మూడో వంతుకు పడిపోయినట్టే.

ఫ్యాన్ల సంఖ్య పెరిగితే మోత పెరిగేది తక్కువ. ఒకే రకం ఫ్యాన్లు ఒకటి నుంచి రెండైతే 3 డెసిబెల్స్, మూడైతే సుమారు 5 డెసిబెల్స్ పెరుగుతుంది. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒక ఫ్యాన్ 1800 వేగంతో తిరగడం కన్నా, అలాంటివే మూడు ఫ్యాన్లు 900 వేగంతో తిరిగితే మొత్తం గాలి ఒకటిన్నర రెట్లు వస్తుంది. మోత మాత్రం సుమారు 10 డెసిబెల్స్ తగ్గుతుంది. పెద్ద రేడియేటర్, ఎక్కువ ఫ్యాన్లు, తక్కువ వేగం అని తెలిసినవాళ్లు చెప్పే మాట వెనక ఉన్న లెక్క ఇదే.

కాబట్టి కంప్యూటర్ కొత్తగా కట్టించుకునేవాళ్లు ఫ్యాన్ కన్నా ముందు రేడియేటర్ సైజు గురించి ఆలోచించాలి. 240 అంటే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు. 360 అంటే అవే మూడు. 280 అంటే 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు. ఫ్యాన్లు కప్పే విస్తీర్ణం 240కి 28,800 చదరపు మిల్లీమీటర్లయితే, 280కి 39,200, 360కి 43,200. అంటే 280 రేడియేటర్ రెండు ఫ్యాన్లతోనే 360కి దగ్గరగా వస్తుంది. మీ క్యాబినెట్‌లో 140 ఫ్యాన్లు పట్టే చోటు ఉంటే 280ను తప్పక పరిశీలించండి. ఫ్యాన్ పెద్దదైన కొద్దీ అంతే గాలిని తక్కువ వేగంతో ఇవ్వగలదు.

దోమతెర చెప్పే పాఠం

ఫ్యాన్ పెట్టెల మీద రెండు అంకెలు ప్రముఖంగా కనిపిస్తాయి. ఒకటి గాలి పరిమాణం. దీన్ని నిమిషానికి ఇన్ని ఘనపు అడుగులు అని సీఎఫ్ఎంలో గానీ, గంటకు ఇన్ని ఘనపు మీటర్లు అని గానీ ఇస్తారు. రెండోది స్టాటిక్ ప్రెషర్, అంటే అడ్డు ఎదురైనప్పుడు గాలిని తోసుకెళ్లే ఒత్తిడి. దీన్ని నీటి మట్టం మిల్లీమీటర్లలో ఇస్తారు.

తేడా తెలియాలంటే దోమతెరను తలచుకుంటే చాలు. సీలింగ్ ఫ్యాన్ గాలి గదినిండా వీస్తున్నా, తెరలో పడుకున్నవాళ్లకు అందులో కొంతే తగులుతుంది. సీలింగ్ ఫ్యాన్ గాలిని ఎక్కువగా కదిలించగలదు కానీ అడ్డును దాటించేంత బలంగా తోయలేదు. అదే టేబుల్ ఫ్యాన్‌ను తెరకు దగ్గరగా పెడితే గాలి లోపలికి వస్తుంది. రేడియేటర్ రేకులు దోమతెర కన్నా దట్టమైన అడ్డు. పెట్టె వెనక ఖాళీగా గాలి వదిలే చోటుకు బాగా పనికొచ్చే ఫ్యాన్ రేడియేటర్ మీద తేలిపోవచ్చు. రేడియేటర్ కోసమైతే రెక్కలు వెడల్పుగా, వాటి మధ్య సందులు తక్కువగా, రెక్కల కొనలకూ చట్రానికీ మధ్య ఖాళీ చాలా సన్నగా ఉన్నవి చూడాలి. కొనల దగ్గర ఖాళీ ఎక్కువుంటే తోసిన గాలి అక్కడి నుంచే వెనక్కి జారిపోతుంది.

పెట్టె మీది రెండు అంకెలూ ఒకేసారి దొరకవు. గరిష్ఠ గాలి పరిమాణం ఏ అడ్డూ లేనప్పటిది. గరిష్ఠ ఒత్తిడి గాలి దారి పూర్తిగా మూసేసినప్పటిది. రేడియేటర్ మీద ఫ్యాన్ ఈ రెండిటి మధ్య ఎక్కడో పనిచేస్తుంది. కొన్ని కంపెనీలు తమ వెబ్‌సైట్లలో ఈ రెండిటినీ కలిపే వక్రరేఖను ఇస్తాయి. దొరికితే దాన్ని చూడటం మంచిది.

ఖరీదు ఎక్కువైతే నిశ్శబ్దమా?

రెండు పేరున్న ఫ్యాన్లను తీసుకుని లెక్క వేద్దాం. రెండూ 120 మిల్లీమీటర్లవే. ఆస్ట్రియాకు చెందిన నాక్టువా 2018లో తెచ్చిన ఎన్ఎఫ్-ఏ12x25 గరిష్ఠ వేగం నిమిషానికి 2000 చుట్లు. గాలి గంటకు 102.1 ఘనపు మీటర్లు, అంటే సుమారు 60 సీఎఫ్ఎం. ఒత్తిడి 2.34 మిల్లీమీటర్లు. ఆర్కటిక్ కంపెనీ పీ12 గరిష్ఠ వేగం 1800. గాలి 56.3 సీఎఫ్ఎం, ఒత్తిడి 2.20 మిల్లీమీటర్లు. మన దగ్గర మొదటిది రెండోదానికి కొన్ని రెట్ల ధర పలుకుతుంది.

ఇప్పుడు రెండింటినీ 1000 వేగానికి తెచ్చామనుకోండి. పై సూత్రం ప్రకారం మొదటిది సుమారు 30 సీఎఫ్ఎం, రెండోది సుమారు 31 సీఎఫ్ఎం ఇస్తాయి. దాదాపు సమానం. ఒక్కో కంపెనీ ఒక్కో తీరున కొలుస్తుంది కాబట్టి ఈ అంకెలతో పందెం కట్టకూడదు. అయినా ఒక సంగతి స్పష్టం. మీరు నిజంగా వాడే నిదానపు వేగంలో, మంచి చవక ఫ్యాన్‌కూ ఖరీదైన ఫ్యాన్‌కూ గాలిలో తేడా ధరలో ఉన్నంత ఉండదు.

మరి ఆ ఎక్కువ డబ్బు దేనికి? స్వరానికి, మన్నికకు, వారంటీకి. ఒకే డెసిబెల్ అంకె ఉన్న రెండు ఫ్యాన్లలో ఒకటి మెత్తగా గాలి వీచినట్టు వినిపిస్తుంది. ఇంకొకటి తుమ్మెద ఝంకారంలా చెవిలో దూరుతుంది. మొదటిదాన్ని పది నిమిషాల్లో మరిచిపోతాం. రెండోది రాత్రంతా వేధిస్తుంది. కొన్ని ఫ్యాన్లు ఒక ప్రత్యేకమైన వేగం దగ్గర మాత్రమే ఝుమ్మంటాయి, దాన్ని దాటితే మామూలుగా ఉంటాయి. అలాంటి ఫ్యాన్ మీ దగ్గర ఉంటే దాన్ని పారేయనక్కర్లేదు. ఆ వేగంలో ఎక్కువసేపు ఆగకుండా సెట్టింగ్ పెట్టుకుంటే సరిపోతుంది.

డెసిబెల్ అంకెను కంపెనీల మధ్య పోల్చడం వల్ల కూడా పెద్ద ప్రయోజనం ఉండదు. ఎంత దూరం నుంచి కొలిచారు, ఎంత నిశ్శబ్దమైన గదిలో కొలిచారు అనేవి మారిపోతాయి. ఆ కొలతలు సాధారణంగా ఫ్యాన్‌కు ముందూ వెనకా ఏ అడ్డూ లేనప్పటివి. రేడియేటర్‌కు బిగించగానే గాలి చిక్కుపడి మోత పెరుగుతుంది. ఆర్కటిక్ అయితే డెసిబెల్ బదులు సోన్ అనే మరో కొలమానంలో అంకె ఇస్తుంది. రెండిటినీ పక్కన పెట్టి పోల్చలేం.

ఒక నిజం కూడా చెప్పుకోవాలి. మన ఇళ్లలో ఏడాదిలో ఎనిమిది నెలలు సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. ఆ గాలి చప్పుడులో, 800 వేగంతో తిరిగే కంప్యూటర్ ఫ్యాన్ చవకదైనా ఖరీదైనదైనా వినపడదు. చివరి రెండు మూడు డెసిబెల్స్ కోసం వేలు పెట్టడం ఏసీ గదిలో, తలుపులు మూసుకుని, రికార్డింగ్ పనులు చేసేవాళ్లకు అవసరం. మిగతావాళ్లకు ఆ డబ్బు ఇంకో మంచి పనికి వస్తుంది.

బేరింగు సంగతి

కొత్తలో అన్ని ఫ్యాన్లూ బాగానే ఉంటాయి. రెండేళ్ల తర్వాత ఎలా ఉంటాయన్నది బేరింగు మీద ఆధారపడుతుంది. స్లీవ్ బేరింగు చవక, మొదట నిశ్శబ్దంగానే ఉంటుంది, లోపలి నూనె ఎండేకొద్దీ గరగరలాడుతుంది. రేడియేటర్‌ను పెట్టె పైభాగంలో బిగిస్తే ఫ్యాన్లు పడుకోబెట్టినట్టు అడ్డంగా ఉంటాయి. స్లీవ్ బేరింగుకు ఆ భంగిమ మరీ పడదు. బాల్ బేరింగు చాలాకాలం మన్నుతుంది, కానీ నిదానపు వేగంలో కూడా సన్నని చప్పుడు ఉంటుంది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగులో ఇరుసు నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది కాబట్టి నిశ్శబ్దమూ మన్నికా రెండూ దొరుకుతాయి. పెట్టె మీద బేరింగు రకం రాసి లేకపోతే, ఎన్నేళ్ల వారంటీ ఇస్తున్నారో చూడండి. నాక్టువా ఆరేళ్లు ఇస్తుంది. ఏడాది వారంటీ మాత్రమే ఇచ్చే కంపెనీ తన బేరింగు గురించి తానే చెప్పుకున్నట్టు.

రంగుల లైట్ల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఒకే ధరలో లైట్లున్న ఫ్యాన్, లేని ఫ్యాన్ ఉంటే మొదటిదానిలో డబ్బు కొంత లైట్లకు పోతుంది. పిల్లలకు లైట్లు ముచ్చట అనుకుంటే పెట్టెలో ఒక లైట్ పట్టీ వేరుగా అతికించి, ఫ్యాన్ మాత్రం మంచిది తీసుకోవచ్చు.

మన ఎండలకు తగ్గ సెట్టింగ్

కూలర్‌తో వచ్చే వేగం సెట్టింగులు చాలావరకు 20, 25 డిగ్రీల గదిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. మే నెలలో సోలాపూర్‌లో, బళ్లారిలో బయట 40 డిగ్రీలు దాటడం మామూలే. ఏసీ లేని గది 36, 37 దగ్గర ఉంటుంది. అప్పుడు కంప్యూటర్ ఏ పనీ చేయకపోయినా ద్రవం 40 డిగ్రీల దగ్గర ఉంటుంది. కంపెనీ సెట్టింగ్‌కు అది వేడెక్కిపోయినట్టు కనిపించి ఫ్యాన్లను పరుగెత్తిస్తుంది. మోత పెరుగుతుంది, ద్రవం మాత్రం గది కన్నా చల్లబడదు. వేసవిలో వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఈ కోవలోవే.

మీ కూలర్ ద్రవం ఉష్ణోగ్రతను చూపించే రకమైతే ఫ్యాన్ల వేగాన్ని దానికే ముడిపెట్టండి. ఏసీ లేని వేసవి గదికి ఒక ఉదాహరణ: 42 డిగ్రీల దాకా 700 లేదా 800 వేగం, 42 నుంచి 52 దాకా నెమ్మదిగా 1300 వరకు, 58 దగ్గర పూర్తి వేగం. ఇలాంటి కూలర్లలో ద్రవం 60 డిగ్రీలు దాటకూడదన్నది సాధారణ నియమం. చలికాలంలో ఈ మెట్లను పది డిగ్రీలు కిందికి దించుకోవచ్చు.

ద్రవం ఉష్ణోగ్రత తెలియని కూలర్ అయితే ప్రాసెసర్ ఉష్ణోగ్రత మీదే ఆధారపడాలి. అప్పుడు 65 డిగ్రీల దాకా వేగం పెరగకుండా సమంగా ఉంచి, 85 దగ్గరికి వచ్చేసరికి ఎక్కువ వేగం అందేలా పెట్టండి. బయోస్‌లో వేగం మారడానికి కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టే వీలుంటుంది. దాన్ని తప్పక వాడండి. ద్రవం నెమ్మదిగా వేడెక్కే గుణం ఇక్కడే పనికొస్తుంది. ప్రాసెసర్ క్షణకాలం ఎగిరి దిగితే ఫ్యాన్ స్పందించనక్కర్లేదు. ఒకే స్థాయిలో ఉండే చప్పుడుకు చెవి అలవాటు పడుతుంది. నిమిషానికోసారి లేచి పడే హోరుకు ఎన్నటికీ అలవాటు పడదు.

వేగం తగ్గించడానికి హద్దు ఉందని మరిచిపోవద్దు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు గరిష్ఠ హద్దు 100 డిగ్రీలు. ఏఎండీ రైజెన్ 7000 వరుసలో ఎక్స్ అక్షరంతో వచ్చిన మొదటి ప్రాసెసర్లకు 95. ఆ హద్దును తాకితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు మీరు డబ్బు పెట్టి కొన్న శక్తి చేతికి రాదు. భారీ పని అరగంట నడిపించి, 85 లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు.

అసలు వేడినే తగ్గించే మార్గం కూడా ఉంది. 105 వాట్ల రైజెన్ ప్రాసెసర్లను బయోస్‌లోని ఎకో పద్ధతితో 65 వాట్ల స్థాయికి తేవచ్చు. చాలా పనుల్లో వేగం తగ్గినట్టే తెలియదు. ఫ్యాన్లకు పని బాగా తగ్గుతుంది. మోత తగ్గించడానికి దీనికన్నా చవకైన మార్గం లేదు.

తీరప్రాంతాల్లో ఉండేవాళ్లకు ఒక మాట. చెన్నైలోనూ యానాంలోనూ గడ్డి తెరల ఎయిర్ కూలర్ పెద్దగా పనిచేయదు, ఎందుకంటే తేమ గాలిలో నీరు ఆవిరి కాదు. కంప్యూటర్ రేడియేటర్‌కు ఆ ఇబ్బంది లేదు. దాని ద్రవం మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది, ఆవిరితో పని లేదు. గాలి ఎంత వేడిగా ఉందన్నదే దానికి ముఖ్యం. అయితే ఎయిర్ కూలర్ గాలిని నేరుగా కంప్యూటర్ మీదికి మళ్లించవద్దు. ఆ తేమ లోపలి భాగాలకు మంచిది కాదు.

బిగింపు, దుమ్ము

ఫ్యాన్ గాలిని రేడియేటర్‌లోకి తోసేలా బిగించవచ్చు, లేదా అవతలి వైపు నుంచి లాగేలా బిగించవచ్చు. చల్లదనంలో తేడా పెద్దగా ఉండదు. దుమ్ము విషయంలో మాత్రం తేడా ఉంది. తోసే పద్ధతిలో దుమ్ము ఫ్యాన్‌కూ రేకులకూ మధ్య దుప్పటిలా పేరుకుంటుంది, ఫ్యాన్ విప్పితే గానీ కనపడదు. లాగే పద్ధతిలో దుమ్ము పట్టే వైపు తెరిచే ఉంటుంది, కుంచెతో శుభ్రం చేసుకోవచ్చు. రోడ్డు పక్క ఇళ్లలో ఉండేవాళ్లు దీన్ని ఆలోచించాలి. 'మొన్నటిదాకా బాగానే ఉంది, ఇప్పుడే మోత పెరిగింది' అంటే మొదట చూడాల్సింది ఆ దుమ్మునే. మూడు నాలుగు నెలలకోసారి కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, శుభ్రం చేయండి. బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోవాలి. అది గిర్రున తిరిగితే బేరింగు చెడుతుంది.

మరలు ఇంకా జాగ్రత్త. 25 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫ్యాన్‌ను రేడియేటర్‌కు బిగించడానికి సాధారణంగా 30 మిల్లీమీటర్ల మర సరిపోతుంది. పొడవు ఎక్కువైన మర రేకులను దాటి లోపలి గొట్టాన్ని పొడిచిందంటే రేడియేటర్ కారి, దాని కింద ఉన్న గ్రాఫిక్స్ కార్డు కూడా పాడయ్యే ప్రమాదం ఉంది. కూలర్‌తో వచ్చిన మరలనే వాడండి. ఫ్యాన్ మూలల్లో రబ్బరు మెత్తలు ఉంటే కదలిక క్యాబినెట్ రేకుకు పాకదు. గాలి పీల్చే వైపు జాలీ ఫ్యాన్‌కు మరీ అంటుకుని ఉంటే మోత పెరుగుతుంది, కొంచెం సందు ఉండేలా చూడండి.

కొన్ని క్యాబినెట్లలో చోటు లేదని 15 మిల్లీమీటర్ల సన్న ఫ్యాన్లు అమ్ముతారు. అంతే గాలికి అవి ఎక్కువ వేగంగా తిరగాలి. వేరే దారి లేకపోతే తప్ప వద్దు.

షాపుకు వెళ్లే ముందు

బెంగళూరులో ఎస్పీ రోడ్డుకు, చెన్నైలో రిచీ స్ట్రీట్‌కు, ముంబైలో లామింగ్టన్ రోడ్డుకు వెళ్లేవాళ్లయినా, బరంపురం నుంచో యానాం నుంచో ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లయినా ఈ వరుసలో వెళ్తే డబ్బు వృథా కాదు.

1. మోత రేడియేటర్ ఫ్యాన్లదేనని పరీక్షించి తేల్చుకోండి.

2. దుమ్ము దులిపి, పిన్నుల పద్ధతి సరిచూసి, వేగం సెట్టింగ్ మార్చండి. సగం ఇళ్లలో పని ఇక్కడితో అయిపోవచ్చు.

3. ఉన్న ఫ్యాన్లను 1400, 1000, 800 వేగాల్లో ఒక్కోదాంట్లో అరగంట చొప్పున భారీ పనితో నడపండి. గది ఉష్ణోగ్రతనూ ప్రాసెసర్ ఉష్ణోగ్రతనూ కాగితం మీద రాసుకోండి. రెండిటి తేడానే అసలు కొలత. గది వేడి రోజురోజుకూ మారుతుంది, తేడా మారదు. ఫోన్‌లోని శబ్దం కొలిచే యాప్ అంకెలు కచ్చితం కాకపోయినా, ఒకే ఫోన్‌ను ఒకే చోట పెట్టి కొలిస్తే ముందూ తర్వాతా పోల్చడానికి పనికొస్తుంది.

4. 1000 వేగంలో వేడి అదుపులో ఉండి, చప్పుడు మాత్రం గరగరగానో ఝుమ్మనో ఉంటే కొత్త ఫ్యాన్లు నిజంగా ఉపయోగపడతాయి. 1000 వేగంలో వేడి హద్దు దాటుతుంటే ఫ్యాన్ మారిస్తే పెద్దగా ఒరిగేది లేదు. ప్రాసెసర్ వాట్లు తగ్గించడమో, పెద్ద రేడియేటర్ తీసుకోవడమో చేయాలి.

5. కొంటే నాలుగు పిన్నులవి, 25 మిల్లీమీటర్ల మందంవి, రేడియేటర్‌కు తగిన ఒత్తిడి ఉన్నవి, ఫ్లూయిడ్ డైనమిక్ తరహా బేరింగు ఉన్నవి, అన్నీ ఒకే మోడల్‌వి తీసుకోండి. రకరకాల ఫ్యాన్లు కలిపితే వాటి స్వరాలు కలవక ఊగే హోరు పుడుతుంది.

6. మూడు ఫ్యాన్లను ఒకే కనెక్టరుకు కలపాలంటే లెక్క చూసుకోండి. మదర్‌బోర్డు కనెక్టరు సాధారణంగా ఒక ఆంపియర్ దాకా ఇస్తుంది. ఫ్యాన్ వెనక లేబుల్ మీద ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. మూడూ కలిపి ఆ హద్దులోపే ఉండాలి. ప్రాసెసర్ ఫ్యాన్ కోసం ఇచ్చిన కనెక్టరును ఖాళీగా వదిలితే చాలా బోర్డులు ఫ్యాన్ లేదని హెచ్చరించి ఆగిపోతాయి.

మొదట ఒక్క ఫ్యాన్ మాత్రమే కొని, మీ రేడియేటర్ మీద బిగించి, ఒక రాత్రి విని, నచ్చితే మిగతా రెండూ తెచ్చుకోవడం అన్నిటికన్నా క్షేమం. ఆ రాత్రి ఇంట్లో నిద్ర పట్టనివాళ్లనే పక్కన కూర్చోబెట్టి వినిపించండి. వాళ్లు ఒప్పుకుంటే సరైన ఫ్యాన్ దొరికినట్టే.